పెంగ్విన్ నడక నేర్పిన వీడియో గారికి

చీమకుర్తి,
ఫిబ్రవరి నెలాఖరు.

మహారాజశ్రీ సేఫ్టీ వీడియో గారికి,

గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ షిఫ్టు సూపర్‌వైజర్ నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా హార్డ్ డిస్కులో చల్లగా ఉన్నారని తలుస్తాను.

పనిచోట ప్రమాదాలు జరక్కుండా చూసే జాతీయ భద్రతా మండలి (నేషనల్ సేఫ్టీ కౌన్సిల్) 1966 మార్చి 4న పుట్టింది. ఆ పుట్టినరోజుకి కేకు బదులు ఏటా మీరే మాకు క్యాంటీన్ గోడ మీద దర్శనమిస్తారు. మొత్తం 22 నిమిషాలు. అందులో 14 నిమిషాలు మంచులో బండి నడపడం గురించే. 'మీ వర్కర్లకి సేఫ్టీ ట్రైనింగ్ ఇస్తున్నారా?' అని విదేశీ బయ్యరెవరో అడిగితే, మావాళ్లు ఎక్కణ్ణుంచో మిమ్మల్ని పట్టుకొచ్చారు. మీరు చలిదేశం వారని మీలో మాట్లాడే పెద్దమనిషి ముక్కు చూస్తేనే తెలిసిపోతుంది. ఎర్రగా కందిపోయి ఉంటుంది పాపం. మాదేమో రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు.

మీకు తెలుగు గొంతు పెట్టినవాళ్లు ఇంకో తమాషా చేశారు. గడ్డి మీద మెరిసేదీ, తెల్లారుజామున పొగలా కమ్మేదీ, హిమాలయాల్లో కురిసేదీ అన్నీ మంచే మాకు. 'మంచు పడితే బండి పైకప్పు పూర్తిగా ఊడ్చాకే బయల్దేరండి' అని మీరు అనగానే వెనక బెంచీ నుంచి ఓ లారీ డ్రైవరు లేచాడు.

"సంక్రాంతి మంచునా సార్? దాన్ని చీపురుతో ఎట్టా ఊడుస్తాం?"

మీరు జవాబివ్వలేదు. నేనూ ఇవ్వలేదు.

మీరు చెప్పేవి అబద్ధాలని కాదు. గడ్డకట్టిన రోడ్డు మీద బండి ఆగడానికి మామూలు కన్నా పది రెట్ల దూరం పట్టొచ్చు. వంతెనకి కింద నుంచి కూడా చలిగాలి తగులుతుంది కాబట్టి అది రోడ్డు కంటే ముందే గడ్డకడుతుంది. వెనక చక్రాలు జారితే బ్రేకు మీద పడిపోకుండా, అవి ఎటు జారుతుంటే స్టీరింగు అటే తిప్పాలి. మంచులో ఇరుక్కుపోయినప్పుడు సైలెన్సర్ గొట్టం మూసుకుపోయిందేమో చూడకుండా ఇంజన్ ఆన్ చేసి కూర్చుంటే లోపలికొచ్చే విషవాయువు ప్రాణం తీస్తుంది. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. కెనడాలో ఉన్న మా బావమరిది కొడుక్కి ఫోన్లో చెబితే, "నీకెట్టా తెలుసు మామయ్యా!" అని నోరెళ్లబెట్టాడు.

అయితే మంచు మాకూ ఉందండీ. రాయి కోసేటప్పుడు వచ్చే స్లర్రీ, అంటే రాతిపొడి కలిసిన బురదనీళ్లు, ట్యాంకర్లలో పోతూ దారంతా కారుతుంది. ఎండితే బూడిద తెలుపు పొడి. ముందు బండి టైరు కింద లేచిందంటే దారి కనపడదు. నాలుగు చినుకులు పడితే జిడ్డు. అది దాటి ఊళ్లలోకి పోతే సగం రోడ్డు కళ్లమే. వడ్లు, మొక్కజొన్నలు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటారు. చీకట్లో బైకు ఆ గింజల మీదికి ఎక్కిందా, మీ మంచుగడ్డ దాని ముందు దిగదుడుపే. ఇక హైవే మీద సంక్రాంతి పొగమంచు. పంక్చరైన లారీ పక్కన ఆగి ఉంటుంది. వెనక లైటు వెలగదు, దాని బదులు ఒక వేపకొమ్మ, నాలుగు రాళ్లు. టైరు మార్చుకుని లారీ పోతుంది, రాళ్లు మాత్రం రోడ్డు మీదే. ఇరవై టన్నుల రాయి వేసుకుని కృష్ణపట్నం పోర్టుకి పోయే మా డ్రైవర్లకి ఇది ఒక రోజు ముచ్చట కాదు. మీ 14 నిమిషాల్లో ఆ వేపకొమ్మకి చోటు లేదు.

క్వారీలో వైర్ సా, అంటే రాయి కోసే పూసల తీగ, తెగితే దాని పూసలు తూటాల్లా వస్తాయి, తీగ వరసలో నిలబడొద్దు అన్న ముక్క కూడా మీలో లేదు. క్రేనుకి వేలాడే రాయి కింద నిలబడి బీడీ వెలిగించుకోవద్దని కూడా మీరు చెప్పరు. మీ ఊళ్లో బీడీలు లేకపోవచ్చులెండి.

మీలో నాకు నచ్చిందల్లా చివర్లో వచ్చే పెంగ్విన్ నడక. జారే నేల మీద పాదాలు కాస్త ఎడంగా పెట్టి, అరికాలు మొత్తం ఆన్చి, చిన్న చిన్న అడుగులు వేయాలి. చేతులు జేబుల్లో ఉండకూడదు. మావాళ్లు గొల్లున నవ్వారు. పాలిషింగ్ లైన్ దగ్గర నీళ్లలో హవాయి చెప్పులతో మేం రోజూ నడిచేది అచ్చం అట్టాగే. జేబుల గొడవ మాకు లేదు, లుంగీకి జేబులెక్కడివి? బూట్లు ఇవ్వలేదని మాత్రం అనను. ఆడిట్ రోజు పొద్దున ఇస్తారు, సాయంత్రం లెక్కపెట్టి తీసుకుంటారు.

ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లకి మీ తెలుగు ఒక్క ముక్క అర్థం కాదు. పెంగ్విన్ మాత్రం అర్థమైంది. ఇప్పుడు యూనిట్లో ఎవరి కాలు జారినా అందరూ కలిసి "పెంగ్విన్!" అని అరుస్తున్నారు.

పోయినేడు మీ షో అయ్యాక సంతకాల రిజిస్టరు చంకన పెట్టుకుని ఆఫీసుకి పోతున్నాను. ముందు "పెంగ్విన్!" అని వినపడింది, తర్వాత నేల తగిలింది. కుడి మణికట్టు విరిగింది. ఆ నెల ప్రమాదాల పట్టిక నింపాల్సింది కూడా నేనే. 'నిల్' అని ఎడమచేత్తో రాశాను. కొంచెం వంకరగా వచ్చింది, ఆడిటరు ఏమీ అనలేదు.

వచ్చే వారం మళ్లీ మార్చి 4. ఈసారి మీకోసం పెద్ద టీవీ కొన్నారు. దాన్ని గోడకి బిగించడానికి ఎలక్ట్రీషియన్ కుర్రాడు ప్లాస్టిక్ కుర్చీ మీద స్టూలు వేసుకుని ఎక్కుతున్నాడు. కింద పట్టుకోమని నన్ను పిలుస్తున్నాడు. ఉంటాను.

ఇట్లు,
మీ 22 నిమిషాల అభిమాని