బీ ఖాతా ఇళ్లను పట్టుకోవడానికి జనగణన పటాలు గీస్తున్నారా? ఒక సందేశానికి ఖండన

బెంగళూరు తెలుగువారి వాట్సాప్ బృందాల్లో, అపార్ట్‌మెంటు సంఘాల నుంచి ఊరివాళ్ల సంఘాల దాకా, 2027 జనాభా లెక్కల గురించి ఒక సందేశం తిరుగుతోంది. దాని సారం ఇది: "ప్రతి చేతిలో గూగుల్ మ్యాప్ ఉండగా ఇళ్ల పటాల కోసం వేల కోట్లు తగలేస్తున్నారు. ఉపగ్రహం నుంచి చూస్తే ఎన్ని ఇళ్లున్నాయో ఇట్టే తెలుస్తుంది. అసలు ఉద్దేశం వేరు: ఇంటికి జియోట్యాగ్ పెట్టి, బీ ఖాతా వాళ్లను పట్టుకుని, పన్ను పెంచడం. ఆ మధ్య మన గోడకు స్టిక్కరు అంటించినప్పుడే లెక్క అయిపోయింది, జవాబు చెప్పనక్కరలేదని హైకోర్టు కూడా అన్నది. పైగా సరిహద్దులు స్తంభింపజేశారు కనుక కొత్త లేఅవుట్లు లెక్కలోకే రావు. అందువల్ల అందరూ సొంతూరు వెళ్లి అక్కడే పేరు రాయించుకోండి." (బీ ఖాతా అంటే, నిబంధనలకు పూర్తిగా లోబడని ఆస్తులకు బెంగళూరు నగరపాలిక వేరే రిజిస్టరులో ఇచ్చే ఖాతా.)

ఈ వాదనల్లో ఒక్కటీ నిలవదు, అయితే వాటిలో ఒకదాని వెనుక ఉన్న భయాన్ని మాత్రం తేలిగ్గా కొట్టిపారేయలేము. మనుషులను లెక్కించడం, భూమి ఎవరిదో తేల్చడం, చిరునామా ఇవ్వడం అనే మూడు వేరువేరు పనులను ఒకే మూటగా కట్టడం వల్లనే ఇంత గందరగోళం పుట్టింది.

ముందుగా ఖర్చు మాట. కేంద్ర మంత్రివర్గం 2025 డిసెంబరు 12న ఆమోదించిన 11,718.24 కోట్ల రూపాయలు పటాలకు కావు, మొత్తం జనగణనకు. సుమారు 30 లక్షల మంది క్షేత్ర సిబ్బంది దేశమంతా రెండు దశల్లో, ముందు ఇళ్ల జాబితాకు, తర్వాత మనుషుల లెక్కకు, తిరగడానికయ్యే ఖర్చు అందులోనే ఉంది. దేశ జనాభాతో భాగిస్తే తలకు వంద రూపాయలు కూడా పడదు. ఎక్కువా తక్కువా అన్న చర్చ ఎవరైనా చేయవచ్చు గాని, మ్యాపుల ఖర్చని చెప్పడం అబద్ధం.

ఇక గూగుల్ మ్యాప్ ఉండగా పటాలెందుకన్న ప్రశ్న. ప్రభుత్వం కొత్త సాధనాలను పక్కనపెట్టిందని సందేశం ధ్వనిస్తుంది గాని, ఈసారి ఇళ్ల జాబితా బ్లాకులను (హెచ్‌ఎల్‌బీ), అంటే ఒక్కొక్కరు తిరగవలసిన ప్రాంతాలను, విడగొట్టే స్థానిక జనగణన బాధ్యులైన ఛార్జ్ అధికారులకు ఇచ్చిన హెచ్‌ఎల్‌బీ క్రియేటర్ అనే సాధనం వెబ్ పటం మీదనే పనిచేస్తుంది. అయితే పైనుంచి తీసిన చిత్రంలో కనిపించేది కప్పు మాత్రమే. మారతహళ్లి వైపు ఏ అడ్డరోడ్డులోనైనా ఉండే ఒక నాలుగంతస్తుల ఇంటిని తీసుకుందాం. కింద పార్కింగులో, మెట్ల కింది గదిలో వాచ్‌మన్ దంపతులుంటారు. పైన ఒక్కో అంతస్తులో రెండేసి పోర్షన్లు. మేడమీది రేకుల గదిలో నలుగురు బ్యాచిలర్లు. ఉపగ్రహానికి ఇదంతా ఒకటే ఇల్లు. జనగణన నిర్వచనం ప్రకారం రోడ్డు నుంచి గాని, ఉమ్మడి ఆవరణ నుంచి గాని, మెట్ల నుంచి గాని విడిగా ప్రధాన ద్వారం ఉండి, వేరుగా వాడుకుంటున్న ప్రతి భాగమూ ఒక ఇల్లే. మెట్ల కింది గదీ ఇల్లే, రేకుల గదీ ఇల్లే. ఆ పైన కుటుంబాల లెక్క ఇళ్ల లెక్కకు భిన్నం: ఒకే వంటగదిలో వండింది తింటూ కలిసి ఉండేవారు, చుట్టరికం ఉన్నా లేకున్నా, ఒక కుటుంబం. రేకుల గదిలోని నలుగురూ కలిసి వండుకుంటే ఒక కుటుంబం, ఎవరి పొయ్యి వారిదైతే నాలుగు కుటుంబాలు. పక్క సందులోని పీజీ హాస్టలు సంస్థాగత కుటుంబాల కింద వేరే లెక్క. తలుపు తట్టి "ఇక్కడ ఎన్ని పొయ్యిలు వెలుగుతాయి?" అని అడిగే మనిషి లేకుండా ఈ వివరం తెలిసే దారి లేదు.

వర్తూరు అవతల కొత్త టవర్లు లేస్తున్న చోట్ల ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. పునాది తవ్వకముందే ప్రాజెక్టు పేరు ఫోను మ్యాపులోకి ఎక్కుతుంది. దాని వెనుక రేకుల షెడ్ల వరుసలో కర్నూలు నుంచీ పాలమూరు నుంచీ వచ్చి ఉంటున్న మేస్త్రీల, కూలీల సంసారాలు మాత్రం ఏ మ్యాపులోనూ ఉండవు. కొనేవారు వెతికేది ఫ్లాటును గాని షెడ్డును కాదు కదా! వ్యాపార పటానికి ఆ లోపం లోపమే కాదు. జనాభా లెక్కలకు మాత్రం అదే అసలు పని.

మరో సంగతి కూడా ఉంది. ఇంటింటికీ తిరిగి లెక్క రాసుకునే ఒక్కో ఎన్యూమరేటరుకు సుమారు 700 నుంచి 800 మంది ఉండే బ్లాకు అప్పగిస్తారు. దేశంలోని ప్రతి అంగుళమూ ఏదో ఒక బ్లాకులో పడాలి, ఏదీ రెండింటిలో పడకూడదు. పొలాల మధ్య గట్టు ఎంత స్పష్టంగా ఉండాలో బ్లాకుల మధ్య గీతా అంత స్పష్టంగా ఉండాలి. రోడ్డుకు ఇవతలి వరుసను ఇద్దరు ఎన్యూమరేటర్లూ తమదనుకుంటే ఆ జనం రెండుసార్లు లెక్కకెక్కుతారు, ఇద్దరూ అవతలివారిదనుకుంటే అసలే ఎక్కరు. వార్డు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే అధికారం గెజెట్ ప్రకటనకే ఉంటుంది. ఫోను మ్యాపులో చుక్కల గీత తప్పుగా పడినా ఎవరూ జవాబుదారీ కారు.

బీ ఖాతా భయానికి వద్దాం. ఇళ్ల జాబితా దశకు 2026 జనవరిలో ప్రకటించిన ప్రశ్నలు 33. నేల, గోడ, కప్పు దేనితో కట్టారు, తాగునీరు ఎక్కడిది, మరుగుదొడ్డి ఉందా, వంటకు ఏ ఇంధనం, ఇంట్లో ఏ ధాన్యం ప్రధానంగా తింటారు, ఇలా సాగుతాయి. ఇల్లు సొంతమా అద్దెదా అని అడుగుతారు, నిజమే. ఖాతా నంబరు గాని, సర్వే నంబరు గాని, స్థలం విస్తీర్ణం గాని, విలువ గాని అందులో లేవు, పత్రం చూపమనడమూ లేదు. జియోట్యాగ్ అంటూ భవనం ఉన్న చోటును యాప్‌లో గుర్తించేది, ఏ భవనమూ వదిలిపోకుండా, మలి దశలో వచ్చేవారు మళ్లీ అదే గుమ్మానికి చేరేలా చూడటానికి. అన్నిటికంటే ముఖ్యం, 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఈ రికార్డులను తనిఖీ చేసే హక్కు ఎవరికీ లేదు, ఆ చట్టం కింద నడిచే కేసుల్లో తప్ప కోర్టులో ఇవి సాక్ష్యంగా చెల్లవు. ఈ నిబంధన రెండు వైపులా పదునైనది: జనగణన నంబరు చూపించి నగరపాలిక మీ మీద కేసు పెట్టలేదు, మీరూ ఆ నంబరు చూపించి స్థలం నాదేనని వాదించలేరు. అయినా, బీ ఖాతా ఇల్లు ఏదో కనిపెట్టడానికి జనగణన యాప్ ఎందుకు? ఆ ఖాతా ఇచ్చిందే నగరపాలిక, రిజిస్టరు దాని దగ్గరే ఉంది.

హక్కుల పటాలు గీసే పథకాలు లేకపోలేదు, కాని అవి వేరు. 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకంలో సర్వే ఆఫ్ ఇండియా డ్రోన్లతో గ్రామాల నివాస ప్రాంతాన్ని కొలిస్తే, రాష్ట్రాలు ఆస్తి కార్డులు ఇస్తున్నాయి. 2025 ఫిబ్రవరి 18న 152 పట్టణ స్థానిక సంస్థల్లో మొదలైన నక్షా కార్యక్రమం పట్టణ భూముల కొలతలకు సంబంధించినది. 2022 డిసెంబరులో ప్రకటించిన జాతీయ జియోస్పేషియల్ విధానం 2030 నాటికి ఊళ్లకూ పట్టణాలకూ 5 నుంచి 10 సెంటీమీటర్ల స్పష్టతతో పటాలు కావాలన్నది. తపాలా శాఖ 2025 మేలో తెచ్చిన పది అక్షరాల డిజిపిన్, దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్లుగా విడగొట్టే చిరునామా సంకేతం. వీటిలో ఏదైనా మీ స్థలానికి నష్టమనిపిస్తే ఆ శాఖను అడగాలి, జనాభా లెక్కలు రాసుకునే టీచరును కాదు.

ఈ జియోట్యాగ్, బీ ఖాతా వాదన వెనుక ఉన్న భయం ఒకటి న్యాయమైనదని నా అభిప్రాయం. ఎన్యూమరేటర్లు వాడేది తమ సొంత ఫోన్లు. కోట్ల ఇళ్ల వివరాలు వాటి గుండా ప్రయాణిస్తాయి. సమాచారం బయటపెట్టిన సిబ్బందికి చట్టంలో శిక్ష ఉంది గాని, శిక్ష ఉన్నంత మాత్రాన ఫోను పోకుండా ఉండదు. ఈ రక్షణ ఎంత గట్టిదని ప్రభుత్వాన్ని పదేపదే అడగవలసిందే. ఈ ఒక్క ప్రశ్న అడిగి ఊరుకుని ఉంటే ఆ సందేశాన్ని నేనూ నలుగురికి పంపేవాణ్ణి.

స్టిక్కరు సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. మీటరు రీడర్లు అంటించిన ఆ స్టిక్కరు 2025 సెప్టెంబరు 22న మొదలైన కర్ణాటక వెనుకబడిన తరగతుల కమిషన్ సర్వేది. అందులో పాల్గొనడం స్వచ్ఛందమని హైకోర్టు మధ్యంతర ఉత్తర్వులో చెప్పింది కూడా ఆ సర్వే గురించే. జనగణన కేంద్ర చట్టం కింద జరుగుతుంది. అడిగిన ప్రశ్నలకు తెలిసినంత మేరకు జవాబివ్వడం 8వ సెక్షన్ ప్రకారం బాధ్యత, ఇంటికి నంబరు వేయనివ్వడం 9వ సెక్షన్ ప్రకారం బాధ్యత.

సరిహద్దుల స్తంభన అన్న మాట వినగానే ఏదో ద్వారం మూసేసినట్లు తోచడం సహజం. జరిగింది దానికి పూర్తిగా భిన్నం. జిల్లా, తాలూకా, పట్టణం, గ్రామం వంటి పాలనా విభాగాల హద్దులు 2025 డిసెంబరు 31న ఎలా ఉన్నాయో, జనగణన ముగిసే దాకా, అంటే 2027 మార్చి 31 వరకు, అలాగే ఉంచమన్నారు. ఇళ్ల జాబితా 2026 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య ఒక్కో రాష్ట్రంలో 30 రోజులు సాగుతుంది, మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో. ఈ నడుమ వార్డు గీత జరిగితే ఒక వార్డులో రాసిన ఇల్లు మరో వార్డులో వెతుక్కోవలసి వస్తుంది. బెంగళూరు మహానగర పాలికె అయిదు నగరపాలికలుగా విడిపోయింది 2025 సెప్టెంబరు 2న, గడువుకు నాలుగు నెలల ముందు. కనుక కొత్త ఏర్పాటు ప్రకారమే లెక్క జరుగుతుంది. సర్జాపుర అవతల ఏ నగరపాలికలోనూ చేరని లేఅవుటు ఎక్కడో గాలిలో ఉండదు, ఏదో ఒక గ్రామం హద్దులోనే ఉంటుంది, అక్కడి ఎన్యూమరేటరే వస్తాడు. పంచాయతీగానే మిగిలినా, జనాభా 5,000 దాటి, పురుష ప్రధాన శ్రామికుల్లో (ఏడాదిలో ఆరు నెలలు, ఆ పైన పనిచేసే మగవారిలో) కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండి, చదరపు కిలోమీటరుకు 400 మందికి తగ్గకుండా ఉంటే ఆ ఊరిని జనగణన పట్టణంగానే చూస్తుంది. దేశంలో అలాంటివి 2001లో 1,362 ఉండగా 2011 నాటికి సుమారు 3,900 అయ్యాయి. స్తంభన కొత్త వాడలను దాచేదైతే ఆ సంఖ్య అంతలా పెరిగేదే కాదు.

హద్దులు కదిలితే ఏమవుతుందో మన వైపు చూస్తే తెలుస్తుంది. 2011లో హిందూపురం అనంతపురం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. తెలంగాణలో పది జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. వీటికి 2011 నాటి జనాభా ఎంతో చెప్పాలంటే పాత లెక్కలను మండలాలవారీగా విడదీసి మళ్లీ కూడుకోవలసిందే.

ఆఖరుది సొంతూరి సలహా. అన్నిటికంటే హాని చేసేది ఇదే, ఎందుకంటే మంచి ఉద్దేశంతో పాటించేవారుంటారు. జనగణన మనిషిని మామూలుగా నివసించే చోట లెక్కిస్తుంది, ఆధార్ చిరునామాతో గాని ఓటుతో గాని నిమిత్తం లేదు. బెంగళూరు అర్బన్ జిల్లా జనాభా 2001లో 65 లక్షలు, 2011లో 96 లక్షలు. నీళ్లకూ బళ్లకూ ఆసుపత్రులకూ ప్రణాళిక వేసేది ఈ అంకెల మీదనే. ఆహార భద్రత చట్టం కింద దేశంలో 81.35 కోట్ల మందిదాకా రేషన్‌కు అర్హులన్న పరిమితి కూడా 2011 జనాభా నుంచే వచ్చింది. మనం ఇక్కడి నీళ్లు తాగుతూ లెక్క అక్కడ రాయించుకుంటే, ఇక్కడి గొట్టం అంతే సన్నగా ఉంటుంది.

ఊరితో బంధం కాగితం మీద తెగిపోతుందన్న బెంగ అక్కరలేదు. పుట్టిన చోటు, ఇంతకుముందు నివసించిన చోటు, ఎందుకు వచ్చారు, వచ్చి ఎన్నాళ్లయింది అన్న ప్రశ్నలు 2011 ఫారంలోనే ఉన్నాయి. మాతృభాషా అడిగారు. కర్ణాటకలో తెలుగు మాతృభాషగా గలవారు 35 లక్షల పైచిలుకని మనకు తెలిసింది అలాగే. జాగ్రత్త పడవలసింది ఒక్క చోట: హిందూపురంలో ఇంటికి వచ్చిన ఎన్యూమరేటరుకు, బెంగళూరులో ఉంటున్న కొడుకు, కోడలు, మనవల పేర్లు కూడా పెద్దవాళ్లు ప్రేమకొద్దీ చెప్పేస్తుంటారు. వాళ్లను ఇక్కడ రాసుకుంటారని ముందే ఫోను చేసి చెప్పాలి.