యే ఇల్లు నాయనా?

తిరుపతి పక్కన నేను ఆదివారాలు వెళ్ళే వృద్ధాశ్రమానికి మళ్ళీ కాలేజీ ప్రాజెక్టు కోసం ముసలివాళ్ళని ప్రశ్నలడిగే పిల్లలు దిగారు. ఈ నెలలో ఇది మూడో బ్యాచ్. మెడలో ఐడీ కార్డులు, చేతిలో ప్యాడ్లు. టైము మధ్యాహ్నం రెండు! అన్నం తిని నడుం వాల్చిన ముసలివాళ్ళని లేపి వరసగా కూర్చోబెట్టారు.

ఒక పిల్లోడు అవ్వను అడుగుతున్నాడు: "బయటికెళ్ళి కొత్త పనులు చేయడం కంటే ఇంట్లో ఉండటమే ఇష్టమా? అవునా, కాదా?"

అవ్వ వక్కాకు దంచడం ఆపింది. "యే ఇల్లు నాయనా?"

వాడు ఫారం వైపు చూశాడు. దానికి గడి లేదు. "అవును" దగ్గర టిక్కు పెట్టేశాడు.

ఆ ప్రశ్న వాడు కల్పించింది కాదు. వృద్ధుల్లో డిప్రెషన్ పట్టుకోవడానికి చాలా దేశాల్లో వాడే జీడీఎస్ స్కేలులోది. పొట్టి ఫారంలో 15 ప్రశ్నలు. అక్కడ "అవును" అంటే డిప్రెషన్ లెక్కలో ఒక పాయింటు. అవ్వ అడిగిన ఎదురు ప్రశ్న మాత్రం ఏ లెక్కలోకీ రాదు. మతిమరుపు పరీక్షది ఇంకో తంతు. 30 మార్కుల ఎంఎంఎస్ఈలో ఒక వాక్యం రాయాలి, ఒకదాని మీద ఒకటి పడ్డ రెండు పంచభుజాలు గీయాలి. జన్మలో పెన్సిలు పట్టని మనిషికి మార్కులు తగ్గితే అది మతిమరుపా? చదువురాని పల్లె జనం కోసం హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో హిందీలో వేరే పరీక్షే తయారు చేసుకున్నారు. అంత ఓపిక మనకేది?

నాకు అసలు మంట, పరిశోధనకి ఒప్పుకున్నట్టు వేయించుకునే వేలిముద్ర దగ్గర. మేనేజరు పక్కనే నిలబడి "వెయ్యి తాతా, ఏం కాదులే" అంటాడు. మాత్రలిచ్చేది, దుప్పటి ఇచ్చేది ఆయనే. ఆయన ముందు వద్దనడానికి ఎవరికి నోరొస్తుంది? చదవడం రానివాళ్ళు ఒప్పుకునేటప్పుడు ఆ పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలని, వద్దన్నా వాళ్ళకందే సేవ తగ్గకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెప్తున్నాయి. మేనేజరుని సాక్షి అనుకుంటే ఇంకేం చెప్పాలి? ఇంకు ప్యాడ్ చూడగానే తాత చెయ్యి తుండుగుడ్డ కిందికి పోయింది. "పోయిన తూరి ఏలిముద్ర ఏసింది రిజిస్ట్రార్ ఆపీసులో సామీ" అన్నాడు. పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నేనేం శుద్ధపూసని కాదు. పదేళ్ళ కింద నేనూ ఇట్లాగే 40 ఫారాలు నింపి డిగ్రీ తెచ్చుకున్నాను. "మళ్ళీ ఎప్పుడొస్తావప్పా?" అని ఒకావిడ అడిగితే, వచ్చే వారం అన్నాను. వెళ్ళలేదు.

అందుకే అడుగుతున్నా. మొదటి రోజు ఫారం లేకుండా రండి. ఊరికే కూర్చోండి. వాళ్ళకి చెవులు వినపడతాయో లేదో చూసుకోండి. మేనేజరుని కాసేపు టీకి పంపండి. థీసిస్ అయ్యాక ఒక్కసారి వచ్చి, వాళ్ళు చెప్పినదాంట్లో ఏం తేలిందో తెలుగులో చెప్పి పోండి.

సాయంత్రం ఘాట్ రోడ్డు లైట్లు వెలిగే వేళకి పిల్లలు వెళ్ళిపోయారు. అవ్వ నన్ను పిలిచి మెల్లగా అడిగింది: "నేను సరిగ్గానే చెప్పినానా? ఆ పిల్లోడికి మార్కులొస్తాయా?"