కొడుకు వరుసలోనే తండ్రి సమాధి

గ్రామీణ కౌంటీల్లో స్థానిక నాయకుల సమాధులను ఎవరూ పట్టించుకోవడం లేదన్న మీ వ్యాసం చదవగానే టెక్సాస్‌లోని గిలెస్పీ కౌంటీ గుర్తొచ్చింది. స్టోన్‌వాల్ ఊరి దగ్గర, పెడర్నాలెస్ నది ఒడ్డున జాన్సన్ కుటుంబ శ్మశానం ఉంది. చుట్టూ నడుమెత్తు రాతి గోడ, లోపల పెద్ద ఓక్ చెట్లు. అందరూ చూసేది 1973 జనవరిలో ఖననం చేసిన అమెరికా మాజీ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సమాధినే. మేమూ దానికోసమే వెళ్లాం.

కానీ ఆ వరుసలోనే ఆయన తండ్రి శామ్ జాన్సన్ కూడా ఉన్నారు. టెక్సాస్ శాసనసభ్యుడిగా పనిచేశారు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో జర్మన్ కుటుంబాల మీద ద్వేషం పెరిగినప్పుడు వాళ్ల పక్షాన మాట్లాడిన మనిషి. తర్వాత పత్తి ధర పడిపోయి పొలం పోగొట్టుకున్నారు, అప్పులతోనే 1937లో కన్నుమూశారు. పత్తి అప్పుల సంగతి మన పల్లెల్లో ఎవరికి తెలియదు చెప్పండి! గోడ అవతల నిలబడి ఆ పేరు చదువుతుంటే గొంతు పట్టేసినట్టయింది. అక్కడికి వెళ్లేవాళ్లు దయచేసి ఆ రాయి దగ్గర కూడా రెండు నిమిషాలు ఆగండి. పిల్లలకు ఆయన గురించి చెప్పండి.