తోకగారికి ఒక విన్నపం

మహారాజశ్రీ లక్కా పావురం తోకగారి సముఖానికి,

నల్లగొండ నుంచి తమ డాబా ఊడ్చే సేవకుడు రాసుకొను విన్నపం. ఉభయకుశలోపరి.

ఈ ఉత్తరం విసనకర్రలా తోక విప్పి నిలబడే లక్కా పావురానికి కాదు, తమరికే. మా బావమరిది డాబా మీదికి పావురాన్ని చూడటానికి ఎవరూ రారు. "లక్కా ఏదీ?" అంటూ మెట్లెక్కినవాళ్లందరూ తమరినే చూస్తారు, తమరి ఈకలే లెక్కపెడతారు, తమరితోనే ఫొటో దిగుతారు. తల ఎక్కడుందని అడిగినవాడు ఇంతవరకు లేడు. పాపం, అది వెనక్కి వాలి తమరిని ఆనుకుని వణుకుతూ ఉంటుంది.

తమరి వంశచరిత్ర తిరగేశాను. చిన్న వంశమేమీ కాదు. అక్బరు పాదుషా వెంట ఇరవై వేల పావురాలు ఉండేవట. 1600కు ముందే పాదుషా ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ తన గ్రంథంలో లక్కాను పేరు పెట్టి మరీ ఎక్కించాడు. అప్పటికి ఐరోపాలో తమరిని ఎరిగినవాళ్లు లేరట. అక్కడికి చేరాక మాత్రం దశ తిరిగింది. మామూలు పావురానికి తోక ఈకలు 12, మహా అయితే 14. విల్లోబీ అనే పండితుడి గ్రంథం 1670లలో చెప్పిన లెక్క 26. 1735లో పావురాల మీద పుస్తకం రాసిన మూర్ చూసినదానికి 36. 1824 వచ్చేసరికి ఫ్రాన్సులో 42 ఈకలవి తేలిగ్గా దొరుకుతాయని రాసుకున్నారు. పద్నాలుగుకు సరిగ్గా మూడింతలు! అయినా గర్వపడకండి. మా నల్లగొండ జిల్లా ఒక్క దసరా రోజున, 2016లో, మూడు జిల్లాలైంది. కుర్చీలు పెంచే విద్యలో తమరు మా దగ్గర శిష్యరికం చేయవలసిందే.

ఇందులో తమరి ప్రతిభ ఏమీ లేదని డార్విన్ ఎప్పుడో తేల్చేశాడు. ఎవరో ఒకాయన కాస్త విచ్చుకున్న తోకను చూసి ముచ్చటపడి దానికి జత కట్టించి ఉంటాడు. దాని పిల్లల్లో ఇంకొంచెం విచ్చుకున్నదాన్ని మరొకాయన ఉంచుకుని ఉంటాడు. ఈ వ్యవహారం ఎక్కడికి పోతుందో మొదటివాడు కలలో కూడా అనుకుని ఉండడు. పక్కింటివాడి తోకకంటే నా తోక పెద్దదిగా ఉంటే చాలు అనుకునేవాళ్లు తరతరాలకూ పుడుతూ ఉండటమే తమరి అదృష్టం.

ఆ డార్విన్‌కు మన దేశం నుంచి పావురాల తోళ్లు పంపినవాడు వాల్టర్ ఇలియట్. అమరావతి స్తూపం దగ్గర తవ్వించి శిల్పాలను మద్రాసుకు తరలించిన దొర ఆయనే. మన రాళ్లూ వెళ్లాయి, తోళ్లూ వెళ్లాయి. అది అలా ఉంచండి. డార్విన్ తెల్ల లక్కాలను బార్బ్ అనే జాతిలోని నల్లవాటితో కలిపాడు. వాటి పిల్లకు, బార్బ్‌కూ నొసట మచ్చ ఉండే స్పాట్ అనే జాతికీ పుట్టిన పిల్లతో జత కట్టించాడు. అలా పుట్టిన మనవడొకడు తాతల తెలుపూ నలుపూ కాదని నీలిరంగులో, రెక్కల మీద రెండు నల్లచారలతో అచ్చం కొండ పావురంలా తేలాడు. ఇంత ఆర్భాటం వెనక ఉన్న అసలు పుట్టిల్లు అలా బయటపడింది. ఆ పుట్టింటివాళ్లు పానగల్లు ఛాయాసోమేశ్వరాలయం శిఖరం మీద ఇప్పటికీ ఉన్నారు. పన్నెండు ఈకలతో కాలక్షేపం చేస్తున్నారు. మనిషి అలికిడైతే లేచిపోతారు. తమరికి ఆ అవకాశం లేదు.

ఇక సేవకుడి గోడు. పక్షి ముక్కుతో తోక మొదట్లోని గ్రంథి నుంచి నూనె తీసి ఈకలకు పూసుకుంటుంది. తమరి విస్తరణలో ఆ గ్రంథి కాస్తా మాయమైంది. మొన్న ఈదురుగాలి వీచినప్పుడు పావురం జొన్నగింజ కోసం ముందుకు వంగింది. గాలి తమరిని తెరచాపలా పట్టుకుంది. గింజ అక్కడే ఉండిపోయింది, పావురం నాలుగడుగులు వెనక్కి నడిచి నీళ్ల మూకుడులో కూర్చుంది. తమరు మాత్రం విప్పిన ఈక ముడవలేదు. సంతానం విషయం చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది. జత కట్టే రోజుల్లో మా బావమరిది కత్తెర పట్టుకుని అడుగు ఈకలు కత్తిరిస్తేగాని గుడ్లు పొదిగినా ఫలించవు. వంశం నిలవాలంటే వంశగౌరవానికే క్షవరం చేయాలన్నమాట.

ఇవన్నీ భరిస్తాను గాని, సాయంత్రం తమరు వెలగబెట్టే ఉద్యోగం ఒక్కటే మింగుడుపడదు. పందెపు పావురాలు చుక్కల్లా పైన తిరుగుతుంటాయి. వాటిని దింపడానికి తెల్ల లక్కాను తెచ్చి డాబా నడుమ వదులుతారు. ఎంత ఎత్తు నుంచైనా కనబడుతుంది, పైగా ఎక్కడికీ పోదు. దాన్ని చూడగానే గంటల తరబడి ఎగిరినవన్నీ బుద్ధిగా దిగివస్తాయి. ఎగరడం మరిచినవారికి, ఎగిరేవాళ్లను కిందికి పిలిచే అధికారం! ఈ నియామకం మా ఆఫీసుల్లో చూసి నేర్చుకున్నారో, మావాళ్లే తమరిని చూసి నేర్చుకున్నారో తెలియజేయ ప్రార్థన.

మరొక మనవి. నలభై ఈకలు దాటినదాన్ని తెస్తానని మా బావమరిది హైదరాబాదు ప్రయాణం కడుతున్నాడు. వాళ్లావిడ ఇంకా ఎరగదు. ఉన్న గూడు తలుపులో కొత్త తోక పట్టదు, తలుపు వెడల్పు చేయించాలట. వడ్రంగిని పిలిపించే పని నాకు అప్పగించాడు. నేను పిలవడం లేదు.

ఇట్లు,
తమరు రాల్చిన ఈకలు ఏరే విధేయుడు