స్ట్రాడివరీని దేవుణ్ని చేసి, తాను వెనకబడ్డ వియోమ్

2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ వేలంలో, ఇటలీ తయారీదారు స్ట్రాడివరీ 1714లో చేసిన వయొలిన్ ఒకటి కోటీ 12 లక్షల 50 వేల డాలర్లకు పోయింది. 2011లో ‘లేడీ బ్లంట్’ అనే మరో స్ట్రాడివరీకి పలికిన కోటీ 59 లక్షల డాలర్ల రికార్డు బద్దలవుతుందా లేదా అన్నదే అప్పట్లో పెద్ద చర్చ. ఆ లేడీ బ్లంట్ 19వ శతాబ్దంలో ఎవరి చేతుల మీదుగా వెలుగులోకి వచ్చిందో ఎవరికీ పట్టలేదు. ఆయన పేరు జాన్ బాప్తిస్త్ వియోమ్. పారిస్ వయొలిన్ తయారీదారు. ఆయన స్వయంగా చేసిన మేలైన వయొలిన్‌కు ఈనాడు రెండు మూడు లక్షల డాలర్లు వస్తే గొప్ప. ఇంత తేడాకు నాదంలో ఆధారం ఎక్కడా కనబడదు. ఉన్నదల్లా పేరు. ఆ పేరును పెంచి పెద్ద చేసినవారిలో వియోమ్ ముందుంటాడు. అదే ఇందులో విడ్డూరం.

1798లో ఫ్రాన్స్‌లోని మీర్‌కూర్‌లో పుట్టాడు. అది వయొలిన్ పనివాళ్ల ఊరు. ఇరవై ఏళ్లకు పారిస్ చేరి, 1828లో సొంత దుకాణం తెరిచాడు. ఆయన వర్క్‌షాప్ నుంచి మూడు వేలకు పైగా వాయిద్యాలు వచ్చాయి. జనం పాత ఇటాలియన్ వయొలిన్ల వెంట పడుతున్నారని గ్రహించి, వాటిని అచ్చుగుద్దినట్టు చేయడం మొదలుపెట్టాడు. అరిగిన వార్నిష్‌తో సహా. ఇదంతా తెలిసిన కథే.

అసలు మలుపు 1855లో వచ్చింది. పాత వయొలిన్లు సేకరించే తారీసియో అనే ఇటలీ వ్యాపారి 1854లో చనిపోయాడు. తన దగ్గర 1716 నాటి, ఎవరూ వాయించని స్ట్రాడివరీ ఉందని పారిస్‌కు వచ్చినప్పుడల్లా గొప్పలు చెప్పేవాడు, ఒక్కసారీ చూపించేవాడు కాదు. వియోమ్ అల్లుడు, వయొలిన్ విద్వాంసుడు అలార్ విసిగిపోయి, ‘మీ వయొలిన్ మెస్సయ్య లాంటిది, ఎదురుచూడటమే తప్ప రాదు’ అన్నాడట. ఆ పేరే స్థిరపడిపోయింది. తారీసియో పోయాడని తెలియగానే వియోమ్ ఇటలీకి పరిగెత్తి, వారసుల దగ్గర మెస్సయ్యతో సహా 144 వాయిద్యాలను 80 వేల ఫ్రాంకులకు కొనేశాడు. మెస్సయ్యను అద్దాల పెట్టెలో పెట్టి, చనిపోయేదాకా అమ్మలేదు. అందని వస్తువుకు ఆశ ఎక్కువని ఆ వ్యాపారికి తెలియదా! ఇప్పుడది ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. దాని టెయిల్‌పీస్ (తీగలను కింది కొసన పట్టి ఉంచే ముక్క) మీది చెక్కడం వియోమ్ చేయించి తగిలించిందే.

ఇక్కడే నాకు అన్నిటికన్నా బలంగా తోచే వాదన ఉంది. 1990ల చివర్లో ఈ మెస్సయ్య నిజంగా స్ట్రాడివరీదేనా, వియోమ్ పనా అని నిపుణులు గొడవపడ్డారు. చెక్కలోని వార్షిక వలయాలు లెక్కపెట్టి, కాలం స్ట్రాడివరీకే సరిపోతోందని తేల్చాల్సి వచ్చింది. అంటే జీవితాంతం వయొలిన్లు చూసిన కళ్లు కూడా చాలలేదన్నమాట. ఇంతకు మించిన సర్టిఫికెట్ ఏ పనివాడికైనా ఎవరిస్తారు? పేరుమోసిన వయొలిన్ విద్వాంసుడు పగనీనీ, గ్వార్నేరి అనే మరో ఇటాలియన్ చేసిన తన ‘కెనోన్’ వయొలిన్‌ను బాగుచేయమని ఇస్తే, వియోమ్ దానికి జోడు తయారుచేసి రెండూ ముందు పెట్టాడని, పగనీనీ కాసేపు తేల్చుకోలేకపోయాడని చెబుతారు. కథలో కాస్త మసాలా ఉంటే ఉండొచ్చు. ఆ జోడు మాత్రం నిజం. పగనీనీ దాన్ని శిష్యుడు సివోరీకి ఇచ్చాడు, ఇప్పుడు జెనోవాలో అసలు దాని పక్కనే ఉంది. అమెరికన్ వయొలిన్ విద్వాంసురాలు హిలరీ హాన్ ఏళ్ల తరబడి వాయిస్తున్నది కూడా కెనోన్ నమూనాలో వియోమ్ 1864లో చేసిన వయొలినే. ఆమె కచేరీలో లోటు ఎవరికైనా వినిపించిందా?

మూడు వేలు చేశాడు కాబట్టి అరుదు కాదు, అందులో ఎన్నో చేతుల పని ఉంది, పైగా నకలు, అందుకే ధర తక్కువ అని ఎదుటివాళ్లు అంటారు. సరఫరా సంగతి ఒప్పుకోవాల్సిందే. కానీ స్ట్రాడివరీ ఒంటరిగా చేశాడా? ఇద్దరు కొడుకులు పక్కన పనిచేశారు. ఇక నకలు అనే మాట. గురువు పాఠాంతరాన్ని పొల్లుపోకుండా పాడిన శిష్యుణ్ని మనం నకలు అనం, సంప్రదాయం నిలబెట్టాడంటాం.

2010లో ఇండియానాపోలిస్‌లో ఇరవై ఒక్కమంది వయొలినిస్టులకు వెల్డింగ్ కళ్లజోళ్లు పెట్టి, వాసన పట్టి గుర్తుపట్టకుండా గడ్డం ఆనించే చోట సెంటు పూసి, మూడు పాతవి, మూడు కొత్తవి వాయించమన్నారు. పాతవాటి ధర కొత్తవాటికి దాదాపు వందరెట్లు. అన్నిటికంటే తక్కువమంది మెచ్చింది ఒక స్ట్రాడివరీని! అందులో వియోమ్ వాయిద్యం లేదు, నిజమే. కానీ కళ్లు మూస్తే పేరు ఎంత త్వరగా కరిగిపోతుందో తేలిపోయింది.

వయొలిన్ వాయించే కమానుల సంగతి చూస్తే ఈ పేరు పిచ్చి ఇంకా బాగా అర్థమవుతుంది. పెకాట్ లాంటి మహానుభావులు వియోమ్ దగ్గర జీతానికి కమానులు చేశారు, ముద్ర మాత్రం యజమానిదే. ఈ రోజు అదే ముద్ర ఉన్న కమాను ఏదైనా పెకాట్ చేతి పని అని నిపుణుడు కాగితం రాసిచ్చాడంటే ధర చెట్టెక్కుతుంది. కర్ర అదే, వెంట్రుకలు అవే. మారింది కాగితం. వియోమ్ వాళ్ల పేర్లు మింగాడు, స్ట్రాడివరీ పేరు వియోమ్‌ను మింగింది.

దీనికి మూల్యం చెల్లిస్తున్నది కుర్ర విద్వాంసులు. ఇన్వెస్టర్లు, ఫౌండేషన్లు కొని పెట్టుకున్న వయొలిన్‌ను కొన్నేళ్లకు అరువు తెచ్చుకుని, గడువు అయిపోతుందంటే టెన్షన్ పడుతూ బతకాలి. స్ట్రాడివరీ లేకపోతే సోలోయిస్టు కాదన్న భ్రమ వాళ్లకు ఎవరు నూరిపోశారు? ఆర్కెస్ట్రాలు మనుషులను తెర వెనక కూర్చోబెట్టి వాయించి ఎంపిక చేసుకుంటున్నాయి. అరువిచ్చే ఫౌండేషన్లు వాయిద్యాలకూ ఆ తెర కట్టాలి. ఒక వియోమ్‌ను కూడా వరుసలో పెట్టి, ఏది కావాలో వాయించేవాళ్లనే తేల్చుకోనివ్వాలి. ధర చీటీ ఆ తర్వాత చూపించొచ్చు.