మహారాజశ్రీ లొసుగు గారికి

మహారాజశ్రీ పన్ను చట్టపు లొసుగు గారి దివ్య సముఖానికి,

ఒక జీతగాడు అనేక నమస్కారాలతో చేసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు. ప్రభుత్వాలు మారినా, ఆర్థిక మంత్రులు మారినా తమరు దినదిన ప్రవర్ధమానంగానే ఉన్నారు. నా సంగతంటారా, జీతం చేతికి రాకముందే అందులోంచి పన్ను వెళ్లిపోతుంది. వెళ్తున్నప్పుడు గుమ్మం దాకా సాగనంపే భాగ్యం కూడా నాకు లేదు. అందుకే తమరితో ముఖపరిచయం కలగలేదు. విన్నదీ చదివినదీ పట్టుకునే రాస్తున్నాను, తప్పులుంటే తమరి వకీళ్లు దిద్దుతారు.

ముందే చెబుతున్నాను, తమరిని దొంగ అనడం లేదు. పన్ను ఎగ్గొట్టేవాడు లెక్కలు దాస్తాడు. తమరి మనిషి లెక్కలన్నీ అచ్చేయించి, ఆడిటరు చేత సంతకం పెట్టించి, అట్టవేసి మరీ ఆఫీసరు బల్ల మీద పెడతాడు. ఆఫీసరు ఆఖరి పేజీ దాకా చదివి, అడుగున సున్నా చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, చేసేదేం లేక ముద్ర వేస్తాడు. బ్రిటన్ ఆర్థిక మంత్రిగా చేసిన డెనిస్ హీలీ ఈ ఇద్దరికీ మధ్య తేడా జైలు గోడ మందమంత అన్నారని చెబుతారు. గోడకి ఇవతల ఉన్నంతకాలం తమరు పెద్దమనిషే.

ఆ పెద్దరికం తమరికి కట్టబెట్టింది 1935లో ఇంగ్లండు ప్రభువుల సభ. వెస్ట్‌మినిస్టర్ డ్యూకు గారికి ఒక తోటమాలి ఉండేవాడు. తోటమాలికిచ్చే జీతాన్ని డ్యూకు తన ఆదాయంలోంచి తీసేసి చూపించుకోవడానికి వీల్లేదు. అదే సొమ్మును ఒప్పంద పత్రం రాసి ఏటేటా ఇచ్చే భృతి అంటే మాత్రం తీసేయొచ్చు. ఇంకేం, పత్రం రాయించారు. దానితోపాటు తోటమాలికి ఒక ఉత్తరం కూడా అందింది. దాని సారం ఇది: ‘ఈ భృతి కాక, చేసిన పనికి పూర్తి జీతం అడిగే హక్కు నీకు చట్టప్రకారం ఉంది, కానీ ఇచ్చినదానితో నువ్వు తృప్తి పడతావని మా నమ్మకం.’ తోటమాలి తృప్తి పడ్డాడు. డ్యూకు గారి నమ్మకాన్ని వమ్ము చేసే తోటమాలి ఏ తోటలోనూ మొలవడు కదా! కాగితం మీద ఏముందో అదే చూస్తామని ప్రభువులు తీర్పిచ్చారు. పన్ను తక్కువ పడేలా తన వ్యవహారాలు సర్దుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందని లార్డ్ టామ్లిన్ సెలవిచ్చారు. ప్రతి మనిషికీ అంటే తోటమాలికీ, నాకూ కూడా. హక్కుకేం లోటు లేదు, సర్దుకోవడానికి వ్యవహారాలే లేవు.

1985లో మన సుప్రీంకోర్టులో జస్టిస్ చిన్నప్ప రెడ్డి, ఈ వెస్ట్‌మినిస్టర్ సూత్రాన్ని వదిలించుకునే వేళైందని గట్టిగానే రాశారు. అప్పుడు తమరి ఇంట్లో ఎన్నాళ్లు మైల పట్టారో గానీ, 2003లో మారిషస్‌తో మన పన్ను ఒప్పందం మీద వచ్చిన కేసులో అదే కోర్టు, పన్ను తక్కువ పడే దేశం వెతుక్కుని ఆ దారిన రావడం నేరమేం కాదంది. తమరు మళ్లీ లేచి కూర్చున్నారు.

తమరి నివాసాల్లో నాకు బాగా నచ్చింది, ఆదాయ పన్నే లేని కేమన్ దీవుల్లోని అగ్లండ్ హౌస్. అయిదంతస్తుల మామూలు కట్టడం. 2008లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ విభాగం వెళ్లి లెక్కపెడితే ఆ ఒక్క చిరునామాలో 18,857 సంస్థలు తేలాయి. కుర్చీలు సరిపోతాయా అని దిగులు పడక్కర్లేదు, ఆ సంస్థల వాళ్లెవరూ అక్కడ కూర్చోరు. ఆ సంస్థలు ఉండేది ఫైళ్లలో. ఇది ప్రపంచంలోకెల్లా పెద్ద భవనమైనా కావాలి, లేదా పన్నుల్లో అతిపెద్ద మోసమైనా కావాలి అని ఒబామా ఎన్నికల్లో ఎద్దేవా చేశారు. ఆ తర్వాత ఎనిమిదేళ్లు అధ్యక్షుడిగా ఉన్నారు. భవనం చెక్కుచెదరలేదు.

ఇక్కడ తమరి వాళ్లు నన్ను ఎత్తిపొడుస్తారు. ‘నువ్వు పొదుపు పథకంలో వేసి మినహాయింపు తీసుకోవడం లేదా? అదీ పన్ను తప్పించుకోవడమేగా?’ తీసుకుంటాను, ఎందుకు దాచాలి. కానీ అందులో నేను నిజంగా డబ్బు వేశాను, ఆ డబ్బు ఏళ్ల తరబడి నాది కాకుండా పోయింది. వెయ్యమని పిలిచి మరీ చట్టం ఇచ్చిన మినహాయింపు అది. ఇంగ్లండులో 1696లో కిటికీల మీద పన్ను వేస్తే జనం కిటికీలకి ఇటుకలు పెట్టి మూసేసుకున్నారు. 1851లో ఆ పన్ను ఎత్తేసేదాకా చీకట్లోనే ఉన్నారు. వాళ్లూ తమరి భక్తులే, కాకపోతే వెలుతురు ఖరీదు చెల్లించారు. అగ్లండ్ హౌస్ భక్తుడు చెల్లించిందేమిటి? ఫ్యాక్టరీ కదల్లేదు, సరుకు కదల్లేదు, కొనేవాడు కదల్లేదు. లాభం ఒక్కటే విమానం ఎక్కకుండా సముద్రం దాటింది.

ఐర్లాండ్ వారి ఆతిథ్యం గురించి చెప్పకపోతే మర్యాద కాదు. ఆపిల్ కంపెనీ నుంచి 1300 కోట్ల యూరోల పన్ను రాబట్టుకోండని 2016లో యూరోపియన్ కమిషన్ ఆదేశిస్తే, ఆ సొమ్ము మాకొద్దు మొర్రో అని ఐర్లాండ్ ప్రభుత్వమే కోర్టుకెక్కింది. ఖజానా తలుపు తట్టిన లక్ష్మీదేవిని వకీళ్లని పెట్టి వెనక్కి పంపబోయిన ప్రభుత్వాన్ని అంతకుముందు నేను వినలేదు. 2024లో యూరప్ పైకోర్టు, తీసుకుని తీరాల్సిందే అని ఖాయం చేసింది. చిత్రం చూడండి, ఏళ్ల తరబడి ‘అంతా చట్టప్రకారమే’ అన్న ఏర్పాటు చివరికి చట్టవిరుద్ధమైన రాయితీ అని తేలింది. చట్టప్రకారమే అన్న మాటకి, ఇంకా ఎవరూ కోర్టుకి వెళ్లలేదు అని కూడా అర్థం ఉంటుందన్నమాట. అదే దేశం, లాభాలను ఐర్లాండ్ కంపెనీల మీదుగా పన్ను లేని చోటికి దాటించే ‘డబుల్ ఐరిష్’ అనే తమరి సుప్రసిద్ధ అవతారాన్ని 2015 నుంచి కొత్తవాళ్లకి మూసేసి, పాతవాళ్లని మాత్రం 2020 చివరిదాకా వాడుకోనిచ్చింది. నాకు పన్ను రేటు పెంచితే వచ్చే నెల జీతం నుంచే అమలు. తమరిని మూయడానికి మాత్రం ఆరేళ్ల గడువు!

ఇక అసలు విషయానికి వస్తాను. తమరి ఉనికికి రాజకీయాల్లో ఉన్నంత గిరాకీ వ్యాపారంలో కూడా లేదు.

అమెరికాలో ఇతరుల డబ్బు పెట్టుబడి పెట్టి లాభంలో వాటా పుచ్చుకునే ఫండ్ మేనేజర్లున్నారు. ఆ వాటా చేసిన పనికి కూలి. కానీ చట్టం దాన్ని మూలధన లాభమంటుంది, దానికి రేటు తక్కువ. మూసేస్తానని 2008లో ఒబామా అన్నారు. ఈ ఫండ్ వాళ్లు నిలువునా తప్పించుకుంటున్నారని 2015లో ట్రంప్ మండిపడ్డారు. 2017లో ట్రంప్ చట్టం వచ్చింది, పెట్టుబడిని మూడేళ్లు ఉంచాలన్న చిన్న షరతు తప్ప తమరి ఒంటి మీద గీత పడలేదు. 2022లో డెమొక్రాట్లు తమరిని బిగించే నిబంధన బిల్లులో పెట్టారు. ఒక్క సెనేటర్ ఓటు కోసం మళ్లీ తీసేశారు. అటు పార్టీ తిట్టింది, ఇటు పార్టీ తిట్టింది, తమరు మాత్రం నిండు నూరేళ్లకు టెండరు పెట్టారు. నాకొక అనుమానం. తమరిని మూసేస్తే వచ్చే ఎన్నికల్లో వాళ్లు దేన్ని మూస్తామని చెప్పుకోవాలి?

తిట్టేవాళ్లలో నీతి చెప్పేవాళ్లది ఇంకో తరహా. 2012లో బ్రిటన్ ప్రధాని కామెరాన్ ఒక హాస్యనటుడి పన్ను ఏర్పాటును ‘నైతికంగా తప్పు’ అన్నారు. 2016లో విదేశీ డొల్ల కంపెనీల గుట్టు విప్పిన పనామా పత్రాలు బయటపడ్డాక, తండ్రి విదేశంలో పెట్టిన ఫండులో తనకూ ఒకప్పుడు వాటాలుండేవని, ప్రధాని కాకముందే అమ్మేశానని ఒప్పుకోవాల్సి వచ్చింది. చట్టం తప్పలేదు, అది నిజం. ఆ హాస్యనటుడూ తప్పలేదు. 2012లోనే అక్కడి పార్లమెంటరీ కమిటీ అధ్యక్షురాలు మార్గరెట్ హాడ్జ్ గూగుల్ ప్రతినిధితో, మీరు చట్టం తప్పారనడం లేదు, నీతి తప్పారంటున్నాం అన్నారు. చప్పట్లు మోగాల్సిన మాటే. అయితే అమ్మా, చట్టం రాసే కలం ఉన్నది మీ సభలోనే కదా? కలం జేబులో పెట్టుకుని నీతి చెప్పడమేమిటి? వీళ్ల కన్నా 2016 చర్చలో, మీరు ఆదాయ పన్ను కట్టలేదని హిల్లరీ క్లింటన్ అంటే ‘అది నా తెలివి’ అన్న ట్రంప్ నయమేమో. కనీసం తమరి ఫొటో ఇంట్లో పెట్టుకుని బయట తిట్టలేదు.

హాడ్జ్ కమిటీకి ఒక పుణ్యం మాత్రం దక్కాలి. తమరి పుట్టుక ఎక్కడో అది 2013లో బయటపెట్టింది. నాలుగు పెద్ద అకౌంటింగ్ సంస్థల నిపుణులు ప్రభుత్వంలోకి వచ్చి పన్ను చట్టాలు రాయడంలో సాయం చేస్తారు. తర్వాత వాళ్ల సంస్థలకు వెళ్లి, ఆ చట్టంలో ఏ మూల ఎలా వాడుకోవాలో ఖాతాదారులకు సలహా ఇస్తారు. చట్టం రాసేటప్పుడు పొరపాటున తమరు మిగిలిపోయారని ఇన్నాళ్లూ అనుకున్నాను, క్షమించాలి. తమరిని కొలతలిచ్చి కుట్టించారు. అందుకే చట్టబద్ధమా కాదా అని ఎవరైనా వాదిస్తే నాకు నవ్వొస్తుంది. దర్జీని అడుగుతున్నట్టుంది, చొక్కా సరిపోయిందా అని.

ఎన్నో దేశాలు కలిసి తమరికి అడ్డుగోడ కడతామని 2021లో కూడా చెప్పుకున్నాయి, పెద్ద కంపెనీల మీద కనీసం 15 శాతం పన్ను అని. 2025 జూన్ వచ్చేసరికి, అమెరికా కంపెనీలను ఆ నిబంధనల్లో కొన్నింటి నుంచి పక్కన పెడదామని జీ7 దేశాలు ఒప్పుకున్నాయి. గోడకి కూడా తమరే మొదటి కిటికీ.

కాబట్టి తమరిని పొమ్మనడం లేదు, ఎలాగూ పోరు. ఒక్క కోరిక. చట్టం పుస్తకంలో తమరి పక్కనే మార్జినులో మూడు సంగతులు అచ్చు వేయించుకోండి: తమరిని ఎవరు అడిగారు, ఏ సభ్యుడు ప్రతిపాదించాడు, తమరి వల్ల కిందటేడు ఖజానాకి ఎంత తగ్గింది. కొన్ని దేశాలు మూడోది మాత్రం బడ్జెట్ పత్రాల్లో ఏ చివరనో అనుబంధంగా వేస్తున్నాయి. మొదటి రెండూ నాకెక్కడా కనబడలేదు. ఎన్నికల సభలో తమరిని తిట్టే నాయకుడి చేతిలో ఆ పేజీ పెట్టి, తన పేరు తనే చదవమని అడగాలని ఉంది.

ఇట్లు,
కోత ముందే పడ్డ ఒక జీతగాడు

తా.క.: జవాబు రాయించేటట్టయితే వకీలు ఫీజు, తపాలా ఖర్చు వ్యాపార ఖర్చుల కింద చూపించుకోండి. ఈ ఉత్తరానికి అంటించిన స్టాంపు మాత్రం, పన్ను కట్టగా మిగిలిన డబ్బుతో కొన్నది.