ఒక్క టార్చి కళ్లలో పడిందంటే…

కార్తీకం రాత్రి గోదావరి గట్టు మీద నిలబడితే, ఆవలి లంకలో మోటారు కాపలాకు వచ్చిన రైతు టార్చి సూటిగా మన కళ్లలో పడుతుంది. అంత పెద్ద లంకలో అతనొక్కడే ఉన్నాడని మన వైపు చిన్నపిల్లాడు కూడా అనుకోడు. టార్చి పక్కకు తిప్పుకున్నవాళ్లు ఇంకా ఎందరో ఉంటారు.

2024 డిసెంబరులో ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎడ్వార్డో బన్యాడోస్ బృందం ప్రకటించిన బ్లేజార్ అనే దూరపు గెలాక్సీ విషయంలోనూ అసలు సంగతి ఇదే. దూరం రికార్డు గురించే అందరూ రాశారు. విశ్వానికి 80 కోట్ల ఏళ్లయినా నిండనప్పుడే దాని నడుమ 70 కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉంది. నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం దాని జెట్, అంటే కృష్ణబిలం దగ్గర నుంచి చిమ్మే కణాల ధార, మన వైపు తిరిగి ఉండటం. అలా తిరిగినదాన్నే బ్లేజార్ అంటారు.

కాంతి వేగానికి బాగా దగ్గరగా దూసుకెళ్లే జెట్ వెలుగు నడిమి గీతకు ఇరువైపులా ఆరేసి డిగ్రీల ఇరుకు దారిలోనే పోగవుతుంది. రెండు వైపులా రెండు జెట్లున్నా, ఆ దారిలో భూమి పడే అవకాశం సుమారు 200లో ఒకటి. అంటే మనకు ఎదురైన ఆ ఒక్కదాని వెనక, అదే కాలంలో, మొహం తిప్పుకున్నవి వందల్లో ఉండాలి. పైగా వంద సూర్యుల బరువుతో మొదలైన కృష్ణబిలం, మామూలు హద్దులో ఆగకుండా మింగినా, ఆ బరువుకు చేరడానికి దాదాపు 80 కోట్ల ఏళ్లు పడుతుంది. అప్పటికి విశ్వానికే అంత వయసు లేదు! ఇలాంటిది ఒక్కటుంటే వింత అని సరిపెట్టుకోవచ్చు. వందలుంటే కృష్ణబిలాలు పెరిగే తీరు మీద మన లెక్కే తిరగరాయాలి.

ఒక్కదాన్ని పట్టుకుని లెక్క కట్టడం తొందరపాటనీ, ఉంటే కనపడాలి కదా అనీ కొందరంటారు. కనపడకపోవడానికి కారణముంది. తొలి విశ్వంలో నిండి ఉన్న మైక్రోవేవ్ వెలుగు ఇప్పటికన్నా 4,000 రెట్లు చిక్కన. జెట్ కొసన ఉబ్బిన మేఘంలోని ఎలక్ట్రాన్లు తమ శక్తిని ఆ వెలుగుకే ధారపోసి, రేడియోలో మసకబారిపోతాయి. మొహం తిప్పుకున్నవాటిని వెతకాల్సింది తక్కువ పౌనఃపున్యాల దగ్గర. పుణె దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల రేడియో టెలిస్కోపు డిష్‌లు 30 మనకున్నాయి. వాటితో తీసిన 150 మెగాహెర్ట్జ్ ఆకాశ పటం కొన్నేళ్లుగా అందరికీ అందుబాటులో ఉంది. రాజమండ్రి, కాకినాడ, భీమవరం కాలేజీల్లో ఫిజిక్స్ చదివే పిల్లల చేత దాన్ని తెరిపించాలి.

ఆకాశంలో ఒప్పుకున్న ఈ లెక్కను డెల్టాలో ఎందుకు ఒప్పుకోం? ఇక్కడ చేలో దిగేవాళ్లలో పెద్ద భాగం కౌలు రైతులు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద సాగుదారు కార్డు రావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. పెట్టేవాళ్లు కొద్దిమంది. ఆఫీసు కంటికి ఎదురుపడేది ఆ కార్డున్నవాళ్లే, జాబితాకెక్కేదీ వాళ్లే. లంకలు మునిగిన ఏడాది పెట్టుబడి పోయేది కౌలుదారుకి, పరిహారం చాలాసార్లు పడేది పట్టాదారు ఖాతాలో. ఒక్క టార్చిని చూసి లంకంతా అంతేనని రాసేసుకోవడం కాక ఇదేమిటి?

పి.గన్నవరం లాంటి ఒక్క మండలంలో గడప గడపకూ తిరిగి, కార్డున్న ఒక్కో కౌలుదారుకి లేనివాళ్లు ఎందరో లెక్క తీయండి. వచ్చే వరదకు ముందే ఆ సంఖ్య కలెక్టరు బల్ల మీద ఉండాలి. పరిహారానికి ఎంత డబ్బు పక్కన పెట్టాలో దాన్నిబట్టే తేల్చాలి.